అంటు కట్టిన మాటలు

వకుళ తలలో ముప్పై వేల పైచిలుకు ఇంగ్లీషు మాటలున్నాయని యంత్రం తేల్చి చెప్పిన రోజునే ఇంట్లో కందిపప్పు నిండుకుంది. ఈ రెండు వార్తల్లో ఆవిడ భర్తకు రెండోదే చెప్పింది. మొదటిది చెబితే "అన్నెందుకు?" అని అడుగుతాడని ఆవిడకు తెలుసు.

యంత్రం అంటే మరీ బెదిరిపోవలసిందేమీ కాదు. స్నానం చేసేటప్పుడు జుట్టు తడవకుండా పెట్టుకునే టోపీలాంటిది, లోపల సన్నని తీగలు. కాకినాడలో సముద్రం ఒడ్డున, ఒకప్పటి ఐసు ఫ్యాక్టరీని పడగొట్టి కట్టిన ప్రయోగశాలలో ఆ టోపీని వకుళ తలకు తొడిగి, ఎదురుగా తెర మీద ఒక్కొక్క మాటా చూపించారు. అర్థం చెప్పనక్కర్లేదు, చూస్తే చాలు. తెలిసిన మాట కనబడగానే తల లోపల ఎక్కడో చిన్న దీపం వెలుగుతుందట. యంత్రం ఆ దీపాలను లెక్కపెట్టుకుంటుంది. ఎంతసేపు చూపించినా వెలగని దీపమంటూ లేకపోయేసరికి, టోపీ పాడైందేమోనని డాక్టర్ జహనారా దాన్ని తన తలకే తొడుక్కుని చూసుకుంది. టోపీ నిక్షేపంలా ఉంది. ఆవిడ దీపాలే కాసేపటికల్లా మొరాయించాయి.

జహనారా ఆ ప్రయోగశాలకు పెద్ద. వయసులో మాత్రం వకుళకన్నా పదిహేనేళ్ళు చిన్న. జగన్నాథపురంలో పుట్టి, ఎక్కడెక్కడో చదివి, మళ్ళీ జగన్నాథపురమే చేరిన మనిషి.

"ఎక్కడ చదువుకున్నారండీ ఇదంతా?" అని అడిగింది టోపీ తీస్తూ.

"వంటింటి పక్క గదిలో."

"అది కాదండీ. కాలేజీ?"

"బి.ఏ.తో ఆపేశారు మావాళ్ళు. ఇదంతా ఆ తరవాతదే. మధ్యాహ్నాలు."

ఓడరేవు దొరల కాలంనాటి క్లబ్బు ఒకటి మూతపడుతూ తన లైబ్రరీని తూకానికి అమ్మేస్తుంటే, అప్పట్లో కొత్త కోడలైన వకుళ ఆ బస్తాలను రిక్షాలో వేయించుకుని ఇంటికి తెచ్చింది. అత్తగారు అవి పొయ్యి రాజేయడానికి అనుకుని మెచ్చుకుంది కూడా. అప్పటినుంచీ అన్నాలు తిన్నాక, సాయంత్రం కాఫీలకు ముందు, నిఘంటువు ఒళ్ళో పెట్టుకుని ఆవిడ వాటిని చదువుతూనే ఉంది. అయిపోతే మళ్ళీ మొదటినుంచీ. ఆ మాటల్లో ఒక్కదాన్నయినా ఎవరితోనూ పలికిన పాపాన పోలేదు. పలకడానికి ఎదురుగా ఒక మనిషి ఉండాలి కదా.

జహనారా తెర మీద ఏవో గీతలు చూసి ఆశ్చర్యపోయింది. "ఇంత శుభ్రమైన పదసంపద నేనింతవరకూ చూళ్ళేదండీ. జల్లెడలో ఒక్క పలుకు కూడా మిగల్లేదు."

జల్లెడ అంటే ఏమిటో అప్పుడు చెప్పింది. మాట తలలో ఒంటరిగా ఉండదట. ఎప్పుడు నేర్చుకున్నామో, ఎక్కడ నేర్చుకున్నామో ఆ మట్టంతా వేళ్ళకు పట్టుకునే ఉంటుంది. మామిడికి అంటు కట్టినట్టు ఒకరి మాటలను ఇంకొకరి తలలో అంటు కట్టడం మొదలెట్టిన కొత్తలో ఈ సంగతి తెలియక ఒక పొరపాటు జరిగింది. రిటైరైన జడ్జీగారి మాటలు ఒక విద్యార్థికి కట్టారు. ఆ కుర్రవాడు 'వెర్డిక్ట్' అనే మాట కనబడినప్పుడల్లా ముక్కూ మొహం ఎరగని ఎవరో ముసలమ్మ కోసం వెక్కివెక్కి ఏడ్చేవాడు. అందుకని జల్లెడ పెట్టారు. గుండె అదిరిన చోటల్లా, ఒక మొహం గట్టిగా గుర్తున్న చోటల్లా అది పట్టుకుని ఏరేస్తుంది. మాట మాత్రం కిందికి దిగుతుంది.

"మీ మాటలకు ఏ సంఘటనా అంటుకుని లేదండీ," అంది జహనారా.

"ముప్పై ఏళ్ళుగా ఏమీ జరగలేదు కదమ్మా," అంది వకుళ.

జహనారా అది హాస్యమనుకుని నవ్వింది. వకుళ కూడా మర్యాదకు నవ్వింది.

ఇదంతా కూతురు తన్మయి కోసం. ఆ రోజుల్లో దేశంలో ఎక్కడ ఏ పి.జి.లో చేరాలన్నా ఒకటే ఉమ్మడి పరీక్ష. అందులో ఇంగ్లీషు పేపరు రెండు భాగాలు: కఠినమైన మాటలు ఒకటి, పెద్ద పెద్ద వ్యాసాలు చదివి జవాబులు పెట్టడం ఒకటి. నువ్వు రాళ్ళ గురించి చదివినా, పురుగుల గురించి చదివినా, ఇంగ్లీషు గట్టెక్కితేనే మిగతా మార్కుల మొహం చూస్తారు. మూడు అవకాశాలు. తన్మయికి రెండు అయిపోయాయి. కొచ్చిలో సముద్ర ప్రవాహాల మీద చదువు ఒకటుంది, ఆ పిల్లకు అదే కావాలి. తుపాను కబురు రేడియోవాళ్ళకన్నా ముందు ఇంట్లో చెప్పేది. అలల లెక్కల్లో ఆమె పట్టు చూసి ప్రొఫెసర్లు ముచ్చటపడేవారు. ఇంగ్లీషు పేపరు మాత్రం ముచ్చటపడలేదు.

అంటు కట్టించుకుని పరీక్షకు వెళ్ళడం న్యాయమేనా అని ఎవరో కోర్టుకు వెళ్తే, ట్యూషన్ పెట్టించుకోవచ్చు గానీ ఇది కూడదా అని కోర్టువారే ఎదురడిగారు. దాంతో గొడవ తీరిపోయింది. రక్తసంబంధమైతే అంటు బాగా పడుతుందని తేలాక, తల్లుల తలలకు ఎప్పుడూ లేని గిరాకీ వచ్చింది.

తన్మయి మొదట ఒప్పుకోలేదు. "అమ్మకు ఇంగ్లీషొచ్చా?" అని తండ్రిని అడిగింది.

భర్త ప్రభాకరం రొయ్యలు నిలవచేసే శీతల గిడ్డంగిలో మేనేజరు. చెడ్డవాడు కాదు. లోకంలో ఆయనకు భయమంటూ ఉంటే అది కరెంటు పోవడమొక్కటే. ఆయన ఆలోచించి, "పుస్తకాలైతే చదువుతుంది. ఏ భాషో నేను గమనించలేదు," అన్నాడు.

అంటు కట్టడం ఒక పూటలో అయిపోయింది. తల్లికో టోపీ, కూతురికో టోపీ, మధ్యలో బియ్యం డబ్బా అంత పెట్టె. తన్మయితోపాటు, అదే ప్రయోగంలో ఉన్న మరో నలుగురు విద్యార్థులకు కూడా వకుళ మాటలే కట్టారు. రక్తసంబంధం లేనివాళ్ళకు ఎంతవరకు పడుతుందో చూద్దామని. వకుళ ఇంటికొచ్చి చూసుకుంటే ఆవిడ మాటలు ఆవిడ దగ్గరే ఉన్నాయి. దీపాన్ని దీపంతో వెలిగించినట్టే, ఇక్కడ తగ్గేదేమీ లేదని జహనారా ముందే చెప్పింది.

మూడోనాడు మధ్యాహ్నం తన్మయి కోచింగుకు వెళ్ళకుండా వంటింట్లోకి వచ్చింది.

"ఆకలేస్తోందా?"

"లేదు."

"చార్జర్ హాల్లో ఉంది."

"చార్జర్ కోసం కాదమ్మా. ఊరికే వచ్చాను."

ఆ ఇంటి వంటింట్లోకి ఊరికే ఎవరూ రాలేదు అంతకుముందు. వకుళకు ఏం చెయ్యాలో తోచక పిల్ల చేతికి చిక్కుడుకాయలు ఇచ్చింది. తన్మయి పీచు తీస్తూ కూర్చుంది. కాసేపయ్యాక, "అమ్మా, 'లాంగర్' అని ఒక మాట ఉంది చూడు," అంది.

"ఉంది. బడలిక."

"అర్థం తెలుస్తోంది. కానీ అది చదివితే నాకు ఫ్యాను చప్పుడు కూడా వస్తోంది. గోడ మీద క్యాలెండరు కొట్టుకుంటోంది. వీధిలో ఎవడో చీపుళ్ళమ్ముతూ వెళ్ళిపోతున్నాడు, వాడి కేక చిన్నదైపోతోంది. ఇంకేం లేదు, అంతే. ఏడుపు రాదు గానీ..." ఆగింది. "ఏం చెయ్యాలో తెలీదు."

"పాత ఫ్యాను కదే, చప్పుడెక్కువ," అంది వకుళ.

కానీ ఆవిడకు అర్థమైంది. గుండె అదిరిన చోట్లు పట్టుకునే జల్లెడకు ఎప్పుడూ అదరని గుండె దొరకదు. తన మధ్యాహ్నాలన్నీ దాని కన్నాల్లోంచి పిండిలా జారిపోయాయి. అటక మీద ఏళ్ళ తరబడి దాచుకున్న సామాను, చుట్టాలొచ్చిన వేళ ఎవరో హాల్లోకి దించి పరిచినట్టనిపించింది. జహనారాకు ఫోన్ చేసి చెప్పాలి. చెప్పాలని మర్నాడు కూడా అనుకుంది. ఆ మర్నాడు తన్మయి మళ్ళీ వంటింట్లోకి వచ్చి, తనే రెండు కాఫీలు కలిపి, గుమ్మంలో కూలబడింది. ఫోన్ సంగతి వకుళ ఇంక తలపెట్టలేదు.

అలా కొన్నాళ్ళు గడిచాయి. ఎవరికీ చెప్పుకోదగ్గవి కావు ఆ రోజులు. ఇద్దరూ ఒకే పుస్తకాన్ని ముందూ వెనకా పట్టుకుని చదివేవారు. మధ్యమధ్య ఎవరో ఒకరు లేచి వెళ్ళొచ్చినా రెండోవాళ్ళు పట్టించుకునేవారు కారు. ఒక మాట వచ్చేసరికి తన్మయి తలెత్తి తల్లి వైపు చూసేది. వకుళ "ఆఁ, ఆ ఏడాది నాకు కామెర్లు," అనేది. ఇంకోచోట, "ఇది మీ నానమ్మ పోయాక," అనేది. ఒక్కోసారి ఏమీ అనకపోయినా పిల్లకు తెలిసిపోయేది. కోచింగుకు వెళ్ళిన రోజున మధ్యాహ్నం ఫోన్ చేసి, "ఏం చేస్తున్నావమ్మా?" అని అడిగేది. ఏమీ చెయ్యటం లేదని చెప్పడానికి వకుళకు మొదట్లో సిగ్గేసింది. తరవాత అలవాటైంది. ప్రభాకరం ఒకనాడు కంచం ముందు కూర్చుని, "మీరిద్దరూ ఏదో మాట్లాడుకుంటున్నట్టున్నారే," అన్నాడు, ఇంట్లో కరెంటు మీటరు వేగంగా తిరుగుతోందన్నట్టు.

అసలు పరీక్ష ఇంకా వారం ఉందనగా ప్రయోగశాలలో నమూనా పరీక్ష పెట్టారు. ఆ సాయంత్రమే జహనారా వకుళను పిలిపించింది. ఏమీ చెప్పకుండా వీడియో పెట్టింది.

హాల్లో అయిదు బల్లలు, అయిదుగురు విద్యార్థులు. మాటల భాగంలో అయిదుగురికీ దాదాపు నూటికి నూరు. తరవాత వ్యాసాలు. మొదటి పేరా చదవడం అవగానే తన్మయి కుర్చీలోంచి లేచింది. మిగతా నలుగురూ కాస్త అటూ ఇటూగా లేచారు. అందరూ తలుపు దగ్గరికి నడిచి, ద్వారబంధం మీద చెయ్యి వేసి, వసారాలోకి తొంగిచూశారు. కాసేపు నిలబడి మళ్ళీ వచ్చి కూర్చున్నారు. వాళ్ళలో బాస్కెట్‌బాల్ ఆడే ఆరడుగుల మనిషి ఒకడున్నాడు. అతగాడు లేచేటప్పుడు లేని కొంగు సవరించుకున్నాడు.

వకుళకు నవ్వొచ్చింది. జహనారాకు రాలేదు.

"అసలు పరీక్షలో కుర్చీలోంచి లేస్తే తెర మూసుకుపోతుందండీ. మళ్ళీ తెరుచుకోదు. వీళ్ళెవరికీ ఎందుకు లేచారో తెలీదంటున్నారు. మీ అమ్మాయికి తెలిసినట్టుంది గానీ నాకు చెప్పట్లేదు."

"అయ్యో, అదా," అంది వకుళ. "నన్నెవరు తిన్నగా చదవనిచ్చారమ్మా? ఒకసారి పాలవాడు, ఒకసారి గ్యాసువాడు, పంచదార కోసం పక్కింటి సుభద్రగారు, కుక్కరు కూత. పేరాకోసారి లేవడమే నా బతుకంతా. అదే వచ్చుంటుంది."

జహనారా మొహం విప్పారింది. "అయితే తేలికే. ఎవరూ పిలవని గది ఒకటిస్తాను. టోపీ పెట్టుకుని ఒక పుస్తకం ఏకబిగిన చదవండి. ఆ చదవడాన్ని తీసి దీని మీద అతికేస్తాను."

మర్నాడు పొద్దున్నే వకుళను అడుగు మందం గోడలున్న గదిలో కూర్చోబెట్టారు. మెత్తని కుర్చీ, చల్లని గాలి, చక్కని నవల. వంట చేసిపెట్టి వచ్చింది, ఫోన్ బయట ఇచ్చేసింది. ఇంత సుఖంగా చదువుకునే యోగం ఇన్నేళ్ళకు పట్టిందనుకుంటూ మొదటి పేరా చదివింది. లేచి, తలుపు తీసి, వసారా అటూ ఇటూ చూసింది. ఎవరూ లేరు. వచ్చి కూర్చుంది. కొత్త చోటు కదా అనుకుంది. రెండో పేరా చదివి మళ్ళీ లేచింది. ఈసారి కాళ్ళు పట్టేశాయనుకుంది. మూడోసారి ఏమీ అనుకోలేదు. ద్వారబంధం మీద తన చెయ్యి తనకే కనబడింది.

జహనారా ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఎవరో పిలిచినట్టయిందమ్మా," అంది వకుళ.

"రండి, కూర్చుందాం," అంది జహనారా. ఆవిడ గొంతు అప్పుడు డాక్టరు గొంతులా లేదు. "చెవికి చప్పుడు వినబడితే తెర మీద ఇక్కడ వెలగాలండీ. వెలగలేదు. ఎవరో పిలిచారని భ్రమపడినా వెలుగుతుంది. అదీ లేదు. రాత్రి మీ పాత జ్ఞాపకాలు కూడా తిరగేశాను, అంటుతోపాటు వచ్చినవి. గంట మోగి మీరు లేచిన సందర్భాలు ఏ నెలకో ఒకటి ఉన్నాయి. మిగతావన్నీ... మీ అంతట మీరే లేచారు."

వకుళ వేళ్ళు మడిచింది. లెక్క చూసుకుంటే నిజమే. పాలవాడు వచ్చేది తెల్లవారుజామున. గ్యాసు బండ రెండు నెలలకోసారి. అన్నాలయ్యాక కుక్కరు ఎందుకు కూస్తుంది? పంచదారకొచ్చే సుభద్రగారు రాజమండ్రి వెళ్ళిపోయి ఎన్నేళ్ళయిందో. ఈ ఇంట్లో ఒక్క పేజీ తిన్నగా చదవనివ్వరని ఆవిడ భర్త దగ్గర, చుట్టాల దగ్గర, తన దగ్గర తను ఎంత గట్టిగా సణిగిందో. నలుగురూ చుట్టూ ఉండి పీక్కుతినే ఇల్లాలిలా. వాళ్ళూ ఎవరూ కాదనలేదు. ఆ వేళకు ఇంట్లో ఉంటే కదా కాదనడానికి.

"జల్లెడకు ఇన్నాళ్ళూ ఏం వెతకాలో తెలీలేదండీ," అంది జహనారా. "ఇప్పుడు తెలిసింది. ఆ గుమ్మం, ఆ చూడటం, దాంతో ఉన్నదంతా తీసేస్తాను. మాటలు మాటల్లా మిగులుతాయి. పిల్లలు కుర్చీలో కూర్చుంటారు. దాత మీరు కాబట్టి మీరు ఊఁ అనాలి."

"అమ్మాయికి అవి గుర్తుండవా?"

"ఉండవు. వాటిని పట్టుకుని ఈ మధ్య అల్లుకున్న సంగతులూ పోతాయి. ఇలా జరిగిందని మనం చెబితే వింటుంది. ఊళ్ళో ఎవరి సంగతో విన్నట్టు ఉంటుంది."

"మరి నాలోది?"

"దాత తలలోంచి తియ్యడం మాకింకా చేతకాదండీ."

"పోనీలే," అంది వకుళ. "తీసేస్తే మధ్యాహ్నాలు నాకు తోచదు."

తన్మయి మాత్రం ససేమిరా అంది. "తియ్యడానికి వీల్లేదు. కూర్చోడమే కదా, నేర్చుకుంటాను."

తల్లీకూతుళ్ళు ఇంట్లో సాధన మొదలెట్టారు. తన్మయి చున్నీతో నడుముని కుర్చీకి బిగించి కట్టుకుంది. వకుళ ఎదురుగా కూర్చుని వ్యాసం చేతికిచ్చింది. పేరా పూర్తయింది. తన్మయి కుర్చీతో సహా లేచి, వీపున కుర్చీ మోసుకుంటూ వీధి గుమ్మం దాకా వెళ్ళి తొంగిచూసింది. ఎదురింటి మేడ మీద బట్టలారేస్తున్న మనిషి అలాగే నిలబడి చూస్తూ ఉండిపోయింది. వకుళ పడీపడీ నవ్వింది. తన్మయి కూడా నవ్వుతూనే తిరిగొచ్చి కుర్చీని నేలకు ఆనించింది. ఆ తరవాత నవ్వు ఆపి అడిగింది.

"ఎవరి కోసమమ్మా చూసేదానివి?"

"ఎవరో ఒకరు. ఫలానా అని లేదు."

"సెలవుల్లో నేను ఇంట్లోనే ఉండేదాన్ని కదా."

"ఉండేదానివి. తలుపేసుకుని."

తన్మయి చున్నీ ముడి విప్పబోయి, విప్పకుండానే కూర్చుంది. "అది తీసేస్తే నాకు నువ్వు మళ్ళీ తెలీవు."

"ఎందుకు తెలీనే? పొడుగు, తెలుపు, పప్పులో ఉప్పెక్కువ."

"ఊరుకో అమ్మా."

"చూడు. ఇది మూడోసారి. ఇంకోటి లేదు. నీకు ఆ సముద్రం కావాలా, నా గుమ్మం కావాలా?"

"రెండూ."

"కావలసినవన్నీ ఒకేసారి వడ్డించడానికి ఇది పెళ్ళి పంక్తి కాదు." వకుళ లేచి వెళ్ళి ఆ చున్నీ ముడి తనే విప్పింది. గట్టిగా బిగుసుకుంది, గోళ్ళతో లాగాల్సివచ్చింది. "పది పన్నెండు రోజులు నాతో కూర్చున్నావు. నాకు లోటేం లేదు. నువ్వు ఇక్కడే ఆగిపోతే నాకు తోడుంటావు, నిజమే. ఇద్దరం కలిసి ఒకే గుమ్మంలోంచి చూస్తాం. ఆ బతుకు నీకు నేను అంటగట్టలేనే తల్లీ."

తన్మయి ఆ చున్నీని మడతపెట్టింది, విప్పింది, మళ్ళీ మడతపెట్టింది. చివరికి, "తీశాక నేను నిన్ను మళ్ళీ అడుగుతాను. అప్పుడు నువ్వు నాకు చెప్పాలి. అంతా. దాచకూడదు," అంది.

"అడుగు. చెబుతాను," అంది వకుళ.

పరీక్షకు మూడు రోజుల ముందు తీసేశారు. ప్రయోగశాలలో వకుళ ఊఁ అంది. అన్నట్టు యంత్రం నమోదు చేసుకుంది. పెట్టె కాసేపు గుర్రుమంది. తన్మయి టోపీ తీసి, జుట్టు సరిచేసుకుని, "అయిపోయిందా? నొప్పేం లేదే," అంది. ఆటోలో వస్తూ ఉమ్మడి పరీక్ష పాత పేపరొకటి విప్పి, ఇల్లు చేరేలోగా నాలుగు పేరాల వ్యాసం పూర్తిచేసింది. వకుళ పక్కనే కూర్చుని చూసింది. పిల్ల ఒక్కసారి కూడా తలెత్తలేదు.

ఆ సాయంత్రం కాఫీ ఇస్తుంటే, "అమ్మా, నేను నిన్నేదో అడగాలని అనుకున్నాం కదూ. ఏవిటది?" అంది తన్మయి పుస్తకంలోంచి.

"పరీక్ష కానీ. తరవాత చూద్దాం."

"సరే," అని పేజీ తిప్పింది. గది తలుపు దగ్గరగా వేసుకుంది, ఫ్యాను గాలికి కొట్టుకుంటోందని.

పరీక్ష రాజమండ్రిలో. ప్రభాకరానికి గిడ్డంగిలో పని తెమలక, వకుళే పిల్లతో బస్సులో వెళ్ళింది. గేటు బయట చాలామంది తల్లులు, తండ్రులు. వాళ్ళలో ఒకావిడ తన మాటలు కూడా అబ్బాయికి కట్టించానని, కెమిస్ట్రీ కట్టారని, ఇప్పుడు వాడు పోపు పెట్టకముందే దగ్గుతున్నాడని చెప్పింది. వకుళ ఆవిడతో కాసేపు నవ్వింది. తరవాత ఆవిడ కొడుకు ముందే వచ్చేస్తే వాళ్ళు వెళ్ళిపోయారు. ఎండ తిరిగింది. వకుళ గేటు ఊచ పట్టుకుని నిలబడింది. ఈసారి ఎవరి కోసం చూస్తోందో ఆవిడకు తెలుసు. అదొక కొత్త అనుభవం.

తన్మయి దాదాపు పరిగెత్తుకుంటూ వచ్చింది. మొహం చూస్తేనే తెలిసిపోయింది.

"పోయిందనుకున్న పేపరే పండింది అమ్మా. మాటలన్నీ మంచినీళ్ళు. వ్యాసాలు ఆరూ ఏకబిగిన చదివేశాను. కదిలితే ఒట్టు."

"మంచిది," అంది వకుళ. "ఏం వ్యాసాలొచ్చాయి?"

"ఏవో ఉన్నాయిలే, పన్నుల మీద ఒకటి, నాచు మీద ఒకటి. చివరిది మాత్రం తమాషాగా ఉంది. సముద్రంలో ఒక దీవి మీద దీపస్తంభం చూసుకునే ఆవిడ రాసిన రోజువారీ సంగతులు. ఇవాళ గాలి బాగుంది, ఇవాళ దీపం తుడిచాను, అంతే. అది చదివి ఆవిడ మనసులో ఏముందో చెప్పమన్నాడు. పైకి ఎక్కడా రాయలేదు, మనమే పట్టుకోవాలి. పక్కనున్న వాళ్ళంతా ఆవిడ సంతోషంగా ఉందని పెట్టారట."

"నువ్వేం పెట్టావు?"

"ఒంటరిగా ఉందని. జవాబు అదే. కోచింగులో సారు చెప్పిన చిట్కా ఉంది కదా. అడక్కుండానే ఎవరైనా అన్నీ బాగున్నాయి, బాగున్నాయి అని పదేపదే అంటుంటే బాగాలేవని గుర్తు. ఆవిడ ఒక్క పేజీలో నాలుగుసార్లు రాసింది." తన్మయి సీసా ఎత్తి నీళ్ళు గడగడా తాగి, మూతి తుడుచుకుంది. అప్పుడు తల్లి మొహం చూసింది. "ఏంటమ్మా, అలా ఉన్నావు? పొద్దుట్నించీ ఎండలో ఇక్కడే నిలబడ్డావా? ఆ, అన్నట్టు పరీక్ష అయ్యాక నువ్వు నాకేదో చెప్పాలన్నావు."

వకుళ కూతురి వైపు చూసింది. పిల్ల కళ్ళల్లో అప్పుడే కొచ్చి ఉంది. నూనె రాయని జుట్టు గాలికి ఎగురుతోంది. ఏ పేరా దగ్గరా ఆగక్కర్లేని మనిషి.

"చెప్పడానికేముందే. ఎండేం లేదు, ఆ గోడ పక్కన నీడ బాగానే ఉంది. ఒకావిడ కబుర్లు చెబుతూ కూర్చుంది, పొద్దు బాగానే గడిచింది. క్యాంటీన్‌లో టీ తాగాను, అది కూడా బాగానే ఉంది. నాకేం, నేను బాగానే ఉన్నాను."

"హమ్మయ్య," అంది తన్మయి, సీసా మూత బిగిస్తూ. "అయితే పద, ఆకలి దంచేస్తోంది. ఇడ్లీ తిందామా, దోసెలు తిందామా?"

వకుళ దోసెలంది.